క్రొత్త రంగు – ఓర్పు – మన బాధ్యత

వర్షాకాలంలో పూలకుండీని ప్రక్కకు జరిపితే, దాని అడుగున చెమ్మలో బూడిద రంగు చిన్న పురుగులు గుంపుగా కనిపించడం మారేడ్‌పల్లి ఇండ్లలో అందరికీ తెలిసినదే. మనం పురుగులని పిలిచే ఆ ప్రాణులు నిజానికి రొయ్యకు, పీతకు బంధువులు. ఏడు జతల కాళ్ళు గల వీటిని శాస్త్రజ్ఞులు ఐసోపాడ్లు అంటారు. ఇవి మొప్పలవంటి అవయవాలతో శ్వాసిస్తాయి. అందుచేత చెమ్మ లేనిదే బ్రతకలేవు. ఎండుటాకులు తిని మట్టికి సారమిచ్చే ఈ ప్రాణులను నేడు అనేక దేశాలలో రంగుచేపలవలె ముచ్చటగా పెంచుతున్నారు. అరుదైన రంగులకు మంచి ధర కూడ పలుకుతున్నది.

ఇటీవల మా విద్యార్థి ఒకడు నారింజ రంగు ఐసోపాడ్ నొకదానిని సీసాలో తెచ్చి, "సార్, దీనితో క్రొత్త రంగు సంతతిని పెంచి అమ్మవచ్చునా?" అని అడిగినాడు. నేను తెలుగు చెప్పేవాడిని. జంతుశాస్త్రం నా విషయం కాదు. అయినను ఆ ప్రశ్న నన్ను విడువలేదు.

మొదట తెలియవలసినది, ప్రతి క్రొత్త రంగూ వరం కాదని. ఐసోపాడ్ నీలి వన్నెతో మెరిస్తే, అది తరచుగా ఒక వైరస్ తెచ్చిన రోగచిహ్నం. ఆ ప్రాణి సాధారణంగా బ్రతకదు.

రంగు వంశంలో నుండి వచ్చినదే అయినా, వెంటనే బయటపడదు. నారింజ దానిని బూడిద దానితో కలిపితే, సాధారణంగా తొలి తరం అంతా బూడిద రంగే. ఓర్పు లేనివాడు ఇక్కడే పెట్టె బోర్లిస్తాడు. ఆ బూడిద పిల్లలను తమలో తాము కలిస్తే, తరువాతి తరంలో సుమారు నాలుగింట ఒకటి నారింజ రంగుతో పుడుతుంది. 1866లో మెండెల్ బఠాణీ మొక్కలపై ప్రకటించిన సూత్రం ఇదే.

మన నగరంలోని నెహ్రూ జంతుప్రదర్శనశాలలో తెల్లపులులను చూడనివారు అరుదు. వాటి కథ కూడ ఇటువంటిదే. 1951లో రీవా మహారాజు మార్తాండసింగ్ పట్టించిన 'మోహన్' అనే తెల్లపులికి మామూలు ఆడపులి వలన పుట్టిన పిల్లలలో ఒక్కటియు తెల్లనిది లేదు. చివరకు మోహన్‌ను దాని కూతురు 'రాధ'తోనే జతపరచగా, 1958లో నాలుగు తెల్లపిల్లలు పుట్టినవి. దగ్గరి రక్తసంబంధంలోనే వంశాన్ని సాగించినందున, తరువాతి తెల్లపులులలో అనేకం వైకల్యాలతో పుట్టినవి. లోకం రంగును మెచ్చుకొన్నది. దాని మూల్యం ఆ మూగజీవులు చెల్లించినవి.

అందువలన నా అభిప్రాయం ఇది. రంగుకంటె ప్రాణి ఆరోగ్యం ముఖ్యం. అప్పుడప్పుడు సంబంధం లేని బూడిద ఐసోపాడ్లను తెచ్చి కలపాలి. అందువలన రెండు తరాలు ఆలస్యమైనా సరే. ఆడది ఒకసారి జతకూడితే ఆ బీజాన్ని నెలల తరబడి దాచుకొనగలదు. కనుక పిల్లలను ఎదగకముందే వేరుచేయకపోతే తండ్రి ఎవరో చెప్పలేము. ఏ పెట్టెలో ఏవి కలిసినవి, ఎన్ని పుట్టినవి, ఎన్ని చచ్చినవి అన్నీ తేదీలతో వ్రాయాలి. చచ్చినవాటి లెక్క దాచి రంగును మాత్రమే చూపడం మోసం. నారింజ జంటలకు తరతరాలుగా నారింజ పిల్లలే పుట్టినప్పుడు గాని దానికి పేరు పెట్టరాదు, అమ్మరాదు.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. జంతుశాస్త్ర ప్రయోగశాలలో ఒక అర, నాలుగు ప్లాస్టిక్ పెట్టెలు, ఎండుటాకులు, ఒక నోటుపుస్తకం: ఇంతే కావలసినది. ఏ ప్రాణినీ కోయకుండ వంశపారంపర్య సూత్రాన్ని విద్యార్థులు కన్నులారా చూస్తారు. ఉర్దూలో సబ్ర్ అన్నా, తెలుగులో ఓర్పు అన్నా, ఆ గుణం ఉపన్యాసాలతో అలవడదు. నాలుగు నెలలపాటు బూడిద పిల్లలను శ్రద్ధగా లెక్కపెట్టిన విద్యార్థికి అది అలవడుతుందని నా నమ్మకం.

సీసా తెచ్చిన ఆ విద్యార్థి ఇప్పటికే నోటుపుస్తకం కొన్నాడు. అర ఇంకా దొరకలేదు.