కుండీ మొక్క ఫొటోకు రంగు తీసేయటం తగదు

ఒకప్పుడు పల్లెల్లో ఫొటో అంటే నలుపు తెలుపే. రంగు రీలు ఖరీదు. కడిగించాలంటే పట్నం పోవలసి వచ్చేది. ఇప్పుడు సెల్‌ఫోనులో రంగు దానంతటదే వస్తున్నది. అయినా ఇంట్లోని కుండీ మొక్కను ఫొటో తీసి, వెంటనే రంగంతా తీసేసే అలవాటు కుర్రకారులో కనిపిస్తున్నది. కళాత్మకంగా ఉంటుందట!

మందారాన్నే తీసుకుందాం. ఎర్రటి పువ్వు, ఆకుపచ్చని ఆకులు. కంటికి ఎంతో తేడా. నలుపు తెలుపులోకి మారిస్తే రెండూ దాదాపు ఒకే బూడిద రంగులో కలిసిపోతాయి. పువ్వు ఎక్కడున్నదో వెతుక్కోవాలి. కృష్ణ తులసిని లక్ష్మీ తులసి నుంచి వేరుగా గుర్తుపట్టేది ఆకుల్లో, కాడల్లో ఉండే ఊదా ఛాయతోనే. అది పోయాక ఏది ఏదో చెప్పటం కష్టం. క్రోటన్ సంగతి చెప్పనే అక్కరలేదు.

అందం మాట అటుంచితే, అసలు చిక్కు మొక్క పాలిపోయినప్పుడు వస్తుంది. పెరట్లో కరివేపాకు కుండీ పాడైతే ఫొటో పట్టుకుని వ్యవసాయ అధికారి వద్దకో, ఎరువుల కొట్టుకో వెళతారు. నత్రజని చాలకపోతే ముందుగా కింది ముదురాకులు పసుపు రంగుకు తిరుగుతాయి. ఇనుపధాతువు లోపిస్తే లేత ఆకులు పసుపు రంగుకు తిరిగి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటాయి. రెంటికీ వేయవలసింది వేరు. నలుపు తెలుపు జిరాక్సు కాగితం చూపి చెప్పమంటే ఎంతటి అధికారి మాత్రం ఏం చెప్పగలరు? ఊహించి చెబితే దండగ ఎరువుకు డబ్బు పోసేది ఇంటివారే.

రంగు ఫొటో అయినంత మాత్రాన నిజమే చెబుతుందనీ కాదు. పాతకాలపు బల్బు వెలుగులో మంచి ఆకు కూడా పసుపుగా పడుతుంది. పగటిపూట వసారా నీడలో, ఆకు పక్కన తెల్ల కాగితం ఒకటి ఉంచి తీయాలి. ఫొటోలో కాగితం తెల్లగా కనిపిస్తే ఆకు రంగునూ నమ్మవచ్చు. ఇందుకు పైసా ఖర్చు లేదు.

నలుపు తెలుపును బొత్తిగా తీసిపారేయనక్కరలేదు. కలబంద, బ్రహ్మజెముడు వంటి వాటికి రంగు కన్నా ఆకారం ప్రధానం. పక్కనుంచి పడే వెలుగులో ముళ్ల వరుసలు చక్కగా వస్తాయి. జర్మనీలో కార్ల్ బ్లాస్‌ఫెల్ట్ మొగ్గలను, తీగల మెలికలను నలుపు తెలుపులోనే తీసి 1928లో అచ్చువేసిన పుస్తకానికి నేటికీ పేరున్నది. అయితే ఆయన చూపదలచింది ఆకారాన్ని, ఆకు జబ్బును కాదు.

రంగు ఫొటోను ఎప్పుడు కావాలన్నా నలుపు తెలుపు చేసుకోవచ్చు. రంగు తీసి దాచినదానికి మళ్లీ ఆ రంగు రాదు. ఆ ముచ్చటేదో నకలు మీద తీర్చుకుని, అసలు ఫొటోను ఫోనులో అలాగే ఉంచాలి. అధికారికి చూపవలసింది ఆ అసలుదే.