లోకజ్ఞానం: చేరినవారెవరు, వెళ్ళినవారెవరు?



"ఆసియాన్ కూటమిలో ఎన్ని దేశాలున్నాయి?" ఇది ఎన్నో ఏళ్ళుగా పరీక్షలలో అడుగుతున్న ప్రశ్న. మీ అన్నగారు చదివి అలమరలో దాచిన పాత పుస్తకం తీసి చూస్తే అందులో "10" అని ఉంటుంది. ఆ పుస్తకం అచ్చయిన నాటికి అది సరి అయిన జవాబే. కాని 2025 అక్టోబరు 26వ తేదీ తరువాత ఆ జవాబు వ్రాసినవారికి మార్కు రాదు. ఆనాడు పదకొండవ దేశం ఒకటి ఆ కూటమిలో చేరింది.

లెక్కలలో ఇట్లా జరగదు. ఏడెనిమిదులు ఏభైయారు అన్నది మీ తాతగారి కాలంలోనూ అంతే, మీ మనుమల కాలంలోనూ అంతే. లోకవ్యవహారం అట్లా కాదు. అక్కడ ప్రతి జవాబుకూ ఒక తేదీ ఉంటుంది. తేదీ లేని జవాబు సగం జవాబే.

నేను బడిలో పాఠం చెప్పే రోజులలో పిల్లలచేత ప్రతి సంఖ్య ప్రక్కనా సంవత్సరం వ్రాయించేవాణ్ణి. దాని ప్రక్కన ఇంకొక గడి గీయించి, అందులో "ఎందుకు?" అని వ్రాయించేవాణ్ణి. ఎందుకో తెలిసిన పిల్లవాడు సంఖ్యను మరచిపోడు. వల్లె వేసినవాడు మాత్రం పరీక్ష గదిలో పదీ పదకొండూ అంటూ వేళ్ళు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటాడు. ఈ నెల అటువంటి సంఖ్యలు కొన్ని తీసుకుని, వాటి వెనుక ఉన్న సంగతి తెలుసుకుందాం.

పదకొండవ దేశం

ఆసియాన్ అంటే ఆగ్నేయాసియా దేశాల కూటమి. ఇండొనీషియా, మలేషియా, ఫిలిప్పీన్స్, సింగపూర్, థాయిలాండ్ అనే అయిదు దేశాలు 1967 ఆగస్టు 8న బాంకాక్ నగరంలో దీనిని స్థాపించాయి. తరువాత 1984లో బ్రూనై, 1995లో వియత్నాం, 1997లో లావోస్, మయన్మార్, 1999లో కంబోడియా చేరాయి. దానితో పది అయ్యాయి. ఈ కూటమి చిహ్నం చూశారా? పది వరిదంట్లు కట్టగట్టి ఉన్నట్లు గీశారు. వరిపండించే దేశాలకు ఎంత తగిన గుర్తు!

పదకొండవదిగా చేరినది తిమోర్-లెస్తె. మనవాళ్ళు తూర్పు తిమోర్ అని కూడా అంటారు. ఆస్ట్రేలియాకు ఉత్తరంగా తిమోర్ అనే దీవి ఉన్నది. దానిలో పడమటి సగం ఇండొనీషియాది. తూర్పు సగం ఈ చిన్న దేశం. రాజధాని దిలి. 2022 జనాభా లెక్కల ప్రకారం జనం 13 లక్షల పైచిలుకు. దీని పేరులో ఒక తమాషా ఉన్నది. "తిమోర్" అన్న మాట మలయ భాషలో తూర్పు అనే అర్థమిచ్చే మాటనుంచి వచ్చింది. "లెస్తె" అంటే పోర్చుగీసు భాషలో తూర్పు. అంటే ఆ దేశం పేరు "తూర్పు తూర్పు" అన్నమాట!

పేరు తమాషాగా ఉన్నా దాని చరిత్ర తమాషా కాదు. వందల సంవత్సరాలు ఆ గడ్డ పోర్చుగీసువారి ఏలుబడిలో ఉండేది. 1975 నవంబరు 28న అక్కడి నాయకులు స్వాతంత్ర్యం ప్రకటించుకున్నారు. తొమ్మిది రోజులకే, డిసెంబరు 7న, ఇండొనీషియా సైన్యం వచ్చి దేశాన్ని ఆక్రమించింది. ఆ ఆక్రమణ 24 సంవత్సరాలు సాగింది. ఆ కాలంలో పోరాటాలవల్లా, ఆకలివల్లా, రోగాలవల్లా కనీసం లక్షమంది చనిపోయారని అంచనా. 1999 ఆగస్టు 30న ఐక్యరాజ్యసమితి అక్కడి ప్రజల అభిప్రాయం అడుగుతూ ఓటింగు జరిపించింది. నూటికి 78 మందికి పైగా స్వాతంత్ర్యమే కావాలన్నారు. ఓటు వేసినందుకు వారి ఇళ్ళు తగులబెట్టారు. అయినా వారి మాట నిలిచింది. 2002 మే 20న తిమోర్-లెస్తె స్వతంత్ర దేశం అయింది.

ఇక అసలు సంగతి వినండి. ఈ దేశం ఆసియాన్‌లో చేరతామని 2011లో దరఖాస్తు పెట్టుకున్నది. ఆ ఏడు కూటమికి అధ్యక్షస్థానంలో ఉన్న దేశం ఇండొనీషియాయే. ఒకనాడు దేశాన్ని ఆక్రమించుకున్న పొరుగుదేశమే "వీరిని చేర్చుకుందాం" అని బలపరిచింది. అయినా పధ్నాలుగేళ్ళు పట్టింది. అంత చిన్న దేశం, అంత పేద దేశం కూటమి పనుల భారం మోయగలదా అని కొందరు సందేహించారు. ఆసియాన్‌లో ఏ నిర్ణయమైనా అందరూ ఒప్పుకుంటేనే జరుగుతుంది. చివరకు 2025లో మలేషియా రాజధాని కౌలాలంపూర్‌లో జరిగిన సమావేశంలో అందరూ సరేనన్నారు.

ఆ సమావేశానికి తిమోర్-లెస్తె తరఫున ప్రధాని షనానా గుస్మావ్ వచ్చాడు. ఆక్రమణ కాలంలో కొండలలో ఉండి పోరాటం నడిపిన నాయకుడు ఆయనే. 1992లో ఆయన సైన్యానికి పట్టుబడి, ఏళ్ళ తరబడి జకార్తాలో ఖైదులో ఉన్నాడు. ఆసియాన్ ప్రధాన కార్యాలయం ఉన్నది కూడా జకార్తాలోనే. ఒకనాడు ఏ నగరంలో తాను ఖైదీగా ఉన్నాడో, అదే నగరంలో కార్యాలయమున్న కూటమిలో తన దేశాన్ని సభ్యురాలిని చేశాడు. పిల్లలూ, "11" అన్న అంకెను ఇప్పుడు మరచిపోగలరా?

ఉత్తరాన రెండు దేశాలు

ఇప్పుడు మ్యాపులో ఐరోపా ఉత్తరభాగానికి పోదాం. అక్కడ కూడా రెండు దేశాలు ఈమధ్య ఒక కూటమిలో చేరాయి. కాని అవి చేరినది స్నేహం పెరిగినందువల్ల కాదు, భయం పెరిగినందువల్ల.

నాటో అనే సైనిక కూటమి 1949 ఏప్రిల్ 4న 12 దేశాలతో ఏర్పడింది. ప్రధాన కార్యాలయం బెల్జియం రాజధాని బ్రస్సెల్స్‌లో ఉన్నది. దీని ఒడంబడికలో అయిదవ నిబంధన ముఖ్యం: సభ్యులలో ఒక్కరిమీద దాడి జరిగితే అందరిమీదా జరిగినట్లే లెక్క.

ఫిన్లాండు దేశానికి రష్యాతో 1,300 కిలోమీటర్లకు పైగా సరిహద్దు ఉన్నది. 1939-40 చలికాలంలో సోవియట్ సైన్యంతో ఒంటరిగా పోరాడి, కొంత భూభాగం పోగొట్టుకున్నది. రెండవ ప్రపంచయుద్ధం ముగిశాక, పెద్ద పొరుగుదేశానికి కోపం రాకుండా, ఏ సైనిక కూటమిలోనూ చేరకుండా జాగ్రత్తగా ఉంటూ వచ్చింది. స్వీడన్ అయితే రెండువందల ఏళ్ళకు పైగా ఏ సైనిక కూటమిలోనూ చేరలేదు.

2022 ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్‌పై దండెత్తింది. నాటో తన సరిహద్దులదాకా వచ్చి తనకు ముప్పు కలిగిస్తున్నదని రష్యా చెప్పిన కారణాలలో ఒకటి. కాని ఫలితం చూడండి! ఉక్రెయిన్‌కు పట్టిన గతి తమకూ పట్టవచ్చునని భయపడి, ఫిన్లాండు, స్వీడన్ 2022 మే 18న ఒకేసారి దరఖాస్తులు ఇచ్చాయి. ఫిన్లాండు 2023 ఏప్రిల్ 4న 31వ సభ్యురాలయింది. స్వీడన్ విషయంలో టర్కీ, హంగరీ దేశాలు చాలాకాలం ఒప్పుకోలేదు. ఇక్కడ కూడా అందరూ అంగీకరించవలసినదే. చివరకు 2024 మార్చి 7న స్వీడన్ 32వ సభ్యురాలయింది. నాటో దగ్గరకు రాకూడదనుకున్న రష్యాకు, నాటోతో ఉన్న సరిహద్దు రెండింతలకు పైగా పెరిగింది.

ఇరవై అని పిలిచే ఇరవై ఒకటి

ఇది మన దేశంలోనే జరిగిన సంగతి. జి-20 కూటమిలో 19 దేశాలు, ఐరోపా సమాఖ్య కలిసి 20 మంది సభ్యులు ఉండేవారు. అంత పెద్ద ఆఫ్రికా ఖండంనుంచి దక్షిణాఫ్రికా ఒక్కటే సభ్యదేశం. ఆఫ్రికా సమితిలో 55 సభ్యదేశాలున్నాయి. అప్పులు, ధరలు, వాతావరణం వంటి విషయాలలో పెద్దదేశాలు చేసే నిర్ణయాల బరువు ఆ దేశాలమీద కూడా పడుతుంది. అయినా మాట్లాడటానికి వాటన్నిటి తరఫున ఆసనం లేదు.

2023 సెప్టెంబరు 9న కొత్త ఢిల్లీలో జరిగిన సమావేశంలో ఈ లోటు తీరింది. భారతదేశం ప్రతిపాదించగా ఆఫ్రికా సమితిని సభ్యత్వంలోకి తీసుకున్నారు. ఆనాడు సమితి అధ్యక్షుడుగా ఉన్న కొమొరోస్ దేశాధ్యక్షుడు అజాలీ అసూమాని తన ఆసనంలో కూర్చున్నాడు. సభ్యులు ఇరవై ఒకరయ్యారు. పేరు మాత్రం జి-20గానే ఉండిపోయింది. కనుక "జి-20లో సభ్యులెందరు?" అని అడిగితే, పేరు చూసి ఇరవై అని వ్రాయకండి!

విడిచి వెళ్ళినవారు

చేరేవారే కాదు, వెళ్ళేవారూ ఉంటారు. 1973లో ఐరోపా దేశాల కూటమిలో చేరిన బ్రిటన్, 2016లో ప్రజల ఓటు తీసుకుని, 2020 జనవరి 31న ఐరోపా సమాఖ్యను విడిచిపోయింది. సభ్యులు 28 నుంచి 27కు తగ్గారు.

పడమటి ఆఫ్రికా దేశాల ఆర్థిక కూటమిని ఎకోవాస్ అంటారు. దీనిలో 15 దేశాలుండేవి. మాలి, బుర్కినా ఫాసో, నైజర్ దేశాలలో 2020 నుంచి 2023 వరకు సైన్యాధికారులు ప్రభుత్వాలను పడదోసి అధికారం చేజిక్కించుకున్నారు. కూటమి వారిపై ఆంక్షలు విధించింది. కోపగించిన ఆ మూడు దేశాలూ సహేల్ దేశాల కూటమి అని తమలో తాము ఒకటి పెట్టుకుని, 2025 జనవరి 29న ఎకోవాస్‌ను విడిచిపోయాయి. ఎకోవాస్‌లో 12 మిగిలాయి.

అన్నీ మారుతూనే ఉంటాయని కూడా అనుకోకండి. 2011 జూలై 14న దక్షిణ సూడాన్ చేరినప్పుడు ఐక్యరాజ్యసమితి సభ్యుల సంఖ్య 193 అయింది. ఆ తరువాత ఎన్నో ఏళ్ళు గడిచినా కొత్త దేశమేదీ చేరలేదు.

మీరు చేయవలసిన పని

ఒక నోటుబుక్కు తీసుకుని ప్రతి పేజీలో నాలుగు గడులు గీయండి: ఏ కూటమి, ఎందరు, ఏ తేదీనుంచి, ఎందుకు. దినపత్రికలో వార్త కనబడినప్పుడల్లా ఒక వరుస నింపండి. సంఖ్య మారితే పాతదానిని చెరిపివేయవద్దు. ఒక గీత కొట్టి, ప్రక్కన కొత్తది వ్రాయండి. ఏడాది గడిచేసరికి ఆ గీతలే మీకు లోకచరిత్ర చెబుతాయి.

తల్లిదండ్రులకు ఒక మాట. అబ్బాయినిగాని అమ్మాయినిగాని "ఎన్ని దేశాలు?" అని అడిగి ఊరుకోకండి. "ఎందుకు చేరారు?" అని కూడా అడగండి. మీకే తెలియకపోతే మరీ మంచిది. ఇద్దరూ కలిసి మ్యాపు విప్పి వెతకవచ్చు.

ఈ నెల ప్రశ్నలు

1. ఆసియాన్‌ను ఏ నగరంలో స్థాపించారు?
2. తిమోర్-లెస్తె రాజధాని ఏది?
3. నాటోలో 32వ సభ్యదేశం ఏది?
4. జి-20లో 2023లో చేరినదెవరు?
5. ఆఫ్రికా సమితి ప్రధాన కార్యాలయం ఎక్కడ ఉన్నది?
6. 2025 జనవరిలో ఎకోవాస్‌ను విడిచిన మూడు దేశాలేవి?
7. 2026 జనవరి 1నుంచి తన పాత నాణేన్ని విడిచి యూరో వాడటం మొదలుపెట్టిన దేశం ఏది?

జవాబులు: 1. బాంకాక్. 2. దిలి. 3. స్వీడన్. 4. ఆఫ్రికా సమితి. 5. ఇథియోపియా రాజధాని అడిస్ అబాబా. 6. మాలి, బుర్కినా ఫాసో, నైజర్. 7. బల్గేరియా, దాని పాత నాణెం లెవ్.

ఏడింటికీ జవాబు చెప్పినవారు సంతోషించండి. ప్రతి జవాబుకూ "ఎందుకు?" కూడా చెప్పగలిగినవారు ఇంకా సంతోషించండి.