కొయ్య కూడ చరిత్రయే

ఇల్లు చూచి ఇల్లాలిని చూడుమన్నారు పెద్దలు. ఓరుగల్లు పరిసర గ్రామములలోని పాత భవంతి ఇండ్లను చూచినవారికి, ఇంటిని చూచి ఒక కాలమునే తెలిసికొనవచ్చునని తోచక మానదు.

ఆ యింటి బలము మట్టిగోడలో కాదు, కొయ్యలో ఉన్నది. పెంకుల బరువును వాసములు దూలములకును, దూలములు టేకు స్తంభములకును, స్తంభములు అడుగునున్న రాతి దిమ్మలకును అప్పగించును. రాతిపై నిలిచినందున కొయ్యకు నేలచెమ్మ సోకదు. ఒక దుంగ కొనను సన్నగా చెక్కి, మరియొకదాని తొలిలో దించి బిగించు వడ్రంగి నేర్పే ఆ కూర్పునకు ప్రాణము. నడుమ ఆకాశమునకు తెరచిన ముంగిలి నలుదిక్కుల అర్రలకును గాలిని, వెలుతురును పంచిపెట్టును.

ఇంగ్లండులోని పాత పల్లెటిండ్ల ధర్మమును ఇట్టిదే. అచ్చట టేకునకు మారు ఓకు. దుంగల నడుమ తడికెకు మెత్తిన మట్టి. ససెక్సు మండలమున ఆల్ఫ్రిస్టన్ గ్రామములో 14వ శతాబ్దపు కొయ్య ఇల్లొకటి శిథిలమై యుండగా, 1895లో స్థాపితమైన నేషనల్ ట్రస్టు 1896లో దానిని 10 పౌనులకు కొన్నది. ఆ సంస్థ కొన్న మొదటి కట్టడము రాజసౌధము కాదు. ఈ చిన్న ఇల్లే!

మనకు రాతిపై గౌరవము కలదు. రామప్ప గుడికి 2021లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తింపు లభించినప్పుడు పొంగిపోయితిమి. గుడులు పాలకుల కీర్తిని చెప్పును. సామాన్యుల బ్రదుకును చెప్పునది ఇల్లే. దానిని మాత్రము కూల్చి, దర్వాజాలను, స్తంభములను బేరమునకు పెట్టుచున్నాము.

ఇంటివారిని నిందించుట న్యాయము కాదు. ఏటేట పెంకులు సర్దవలెను, చెదలతో పోరాడవలెను. అన్నదమ్ముల పంపకములో ముంగిలిని పంచుట ఎట్లు? ఒంటరిగా మోయలేని బరువును ఊరు, ప్రభుత్వము కలిసి మోయవలెను. మండలమునకు ఒక్క ఇంటినైన నిలిపి గ్రంథాలయముగా మార్చరాదా? కూలక తప్పని ఇండ్లనైన కళాశాల విద్యార్థులు కొలిచి, చిత్రించి, వృద్ధులైన వడ్రంగుల మాటలను వ్రాసికొనరాదా?

నేడు తరగతిలో నిట్రాడు అనిన నిఘంటువు చూపవలసి వచ్చుచున్నది. కప్పును మోసిన కంబము పోయిన పిదప ఆ మాట దేనిని ఆనుకొని నిలుచును? ఇల్లు కూలినప్పుడు కూలునది ఇల్లొక్కటే కాదు.