చూసినవారు రాసే ఉత్తరం



సెప్టెంబరు వస్తే నాకు ఉత్తరాల పని మొదలవుతుంది. బడిలో పిల్లలకు రాయవలసినవి ఎలాగూ ఉంటాయి. వాటికి తోడు మనవాళ్ల ఇళ్ల నుంచి ఫోన్లు వస్తాయి. "మా అబ్బాయి డెంటల్ కాలేజీకి దరఖాస్తు పెడుతున్నాడు టీచర్ గారూ. సమాజ సేవ చేశాడని ఒక సిఫారసు ఉత్తరం కావాలి. సంఘం లెటర్‌హెడ్ మీద ఉంటే ఇంకా బాగుంటుంది" అంటారు. ఏ సేవ చేశాడు, ఎక్కడ చేశాడు అని అడిగితే కొందరు చక్కగా చెబుతారు. కొందరు మాత్రం "మీకు తెలియనిదా, మీరే ఏదో ఒకటి రాయండి" అంటారు. ఈ రెండో రకం ఫోను గురించే ఈ నెల మీతో మాట్లాడాలని ఉంది. డర్బన్‌లో, మారిషస్‌లో, ఫిజీలో సంఘాల పని చూసే మీకు కూడా ఇటువంటి ఫోన్లు కొత్త కావు.

ముందు ఒక సంగతి. ఈ ఉత్తరం అన్ని చోట్లా అవసరం లేదు. మన దక్షిణాఫ్రికాలో పళ్ల డాక్టర్లను తయారుచేసే విశ్వవిద్యాలయాలు నాలుగే. అందుకే పిల్లలు బయటి దేశాల వైపు చూస్తారు. ఒక్కో దేశానిది ఒక్కో పద్ధతి. ఇండియాలో బీడీఎస్ సీటు నీట్ మార్కుల మీద వస్తుంది. ఎంత పెద్దవారి ఉత్తరమైనా ఆ మార్కును పెంచదు. బ్రిటన్‌కు యూకాస్ ద్వారా వెళ్లాలి. డెంటిస్ట్రీకి అక్టోబరు 15 గడువు. నాలుగు కోర్సులకు మించి ఎంచుకోకూడదు. అక్కడ సిఫారసు ఒక్కటే, దాన్ని మామూలుగా బడి రాస్తుంది. ఇంటివారు, స్నేహితులు రాయకూడదు. సేవ కోసం వేరే ఉత్తరం పెట్టే చోటే లేదు. పిల్లలు చేసిన పని బడికి తెలిస్తే అందులోకి రావచ్చు. మిగిలింది పిల్లలే తమ మాటల్లో చెప్పుకోవాలి.

అమెరికా దారి వేరు. అక్కడ సాధారణంగా ముందు డిగ్రీ, ఆ తర్వాత డెంటల్ స్కూలు. ఇక్కడి ఎడ్యుకేషన్ సిటీలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం బయాలజీ డిగ్రీ ఇస్తుంది కాబట్టి దోహాలో చదివినవారు కూడా ఆ దారి పట్టవచ్చు. ఆడ్సాస్ అనే ఉమ్మడి దరఖాస్తులో నాలుగు ఉత్తరాల దాకా పెట్టవచ్చు. సైన్సు అధ్యాపకుల ఉత్తరాలు, పళ్ల డాక్టరు ఉత్తరం చాలా కాలేజీలు అడుగుతాయి. సేవను దగ్గరుండి చూసినవారి ఉత్తరం వాటి పక్కన చేరుతుంది. ఖతార్ విశ్వవిద్యాలయం కూడా 2019లో డెంటల్ కాలేజీ మొదలుపెట్టింది. మీ పిల్లలు ఎక్కడికి పెట్టదలచుకున్నారో ఆ కాలేజీ ఏమి అడుగుతోందో చదివిన తర్వాతే ఉత్తరం మాట ఎత్తండి.

అమెరికా పద్ధతిలో ఉత్తరం పిల్లల చేతికి రాదు. రాసినవారే కంప్యూటరులో నేరుగా పంపుతారు. దాన్ని చదివే హక్కు వదులుకుంటున్నారా అని దరఖాస్తులో అడుగుతారు. ఆ హక్కు 1974 నాటి చట్టం ఇచ్చింది. చాలామంది వదులుకుంటారు, ఎందుకంటే చాటున రాసిన మాటకు నమ్మకం ఎక్కువ. దరఖాస్తులో సేవకు వేరే పట్టిక ఉంటుంది. ఎక్కడ చేశారు, ఎన్ని గంటలు చేశారు, ఎవరి కింద చేశారు అన్నీ రాయాలి. పట్టికలో 60 గంటలు ఉండి, ఉత్తరంలో 200 గంటలు ఉంటే ఏమవుతుంది? ఇంటర్వ్యూలో ఒక్క ప్రశ్న చాలు, మాట తడబడుతుంది. అప్పుడు పోయేది అబ్బాయి సీటు, రాసినవారి పేరు, రెండూ.

కాగితం విలువ మన వంశాలవారికి ఇంకొకరు చెప్పనక్కరలేదు. ట్రూరో ఓడ మద్రాసు నుంచి బయలుదేరి 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. ఆ తర్వాత వచ్చిన ఓడలన్నిటికీ పట్టికలు ఉన్నాయి. పేరు, నంబరు, వయసు, ఊరు, ఒంటి మీది మచ్చలు కూడా రాసుకున్నారు. ఎస్టేటులో చేరిన తర్వాత యజమాని చీటీ లేకుండా బయట కనిపిస్తే కూలీని పట్టుకునేవారు. మన తాతముత్తాతల అడుగులు ఇతరులు రాసిన కాగితాల మీద నడిచాయి.

1894లో అదే డర్బన్‌లో ఇంకొక కాగితం పుట్టింది. బాలసుందరం అనే తమిళ ఒప్పంద కూలీని యజమాని కొట్టాడు. ముందు పళ్లు రెండు విరిగి, నోటి నుంచి రక్తం కారుతుండగా అతడు గాంధీగారి ఆఫీసుకు వచ్చాడు. గాంధీగారు అతణ్ణి ముందు ఒక తెల్ల డాక్టరు దగ్గరకు పంపి, గాయం ఎటువంటిదో రాసిన సర్టిఫికెట్ తీసుకున్నారు. ఆ తర్వాత మేజిస్ట్రేటు దగ్గరకు తీసుకువెళ్లారు. మేజిస్ట్రేటు యజమానికి సమను పంపాడు. చివరకు బాలసుందరం ఒప్పందం మరొక యజమానికి మారింది. ఈ కథ గాంధీగారి ఆత్మకథలో ఉంది.

ఆ డాక్టరును బాలసుందరం మంచివాడా కాదా అని ఎవరూ అడగలేదు. అతడి కుటుంబం ఎటువంటిదో ఆయనకు తెలియదు. తన కళ్ల ముందున్న నోటిని చూశాడు, చూసింది రాశాడు. మంచి సిఫారసు ఉత్తరం కూడా ఇంతకంటే ఎక్కువ చేయనక్కరలేదు.

ఇక దోహా సంగతి. ఇక్కడ శుక్రవారం సెలవు. ఇండస్ట్రియల్ ఏరియాలో, ఏషియన్ టౌన్ చుట్టుపక్కల కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి వచ్చిన అన్నలు ఎందరో కనిపిస్తారు. ఎండాకాలంలో జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా పగలు 10 గంటల నుంచి 3.30 దాకా ఆరుబయట ఎండలో పని చేయించకూడదని ఇక్కడ నియమం. అంటే ఆ అన్నల రోజు ఎటువంటిదో మీరే ఊహించండి. సేవ చేయాలనుకునే పిల్లలకు ఇక్కడ పనికి కొదవ లేదు. కానీ అనుమతి లేకుండా చందాలు పోగుచేయకూడదు. లైసెన్సు లేనివారు ఎవరి నోట్లోనూ చేయి పెట్టకూడదు. భారత రాయబార కార్యాలయం ఆధ్వర్యంలోని ఐసీబీఎఫ్ వంటి సంస్థలు వైద్య శిబిరాలు పెడతాయి. అటువంటి గుర్తింపు ఉన్నవారి వెంట వెళ్లడమే సరైన దారి.

నాకు తెలిసిన ఒక అమ్మాయి అలాగే వెళ్లింది. మన నేటాల్ పిల్లే. నాలాగే గుడి బడిలో తెలుగు నేర్చుకుంది. శిబిరంలో పళ్ల డాక్టరు పక్కన నిలబడి తెలుగు మాటను ఇంగ్లీషులో చెప్పడం ఆమె పని. గుడి బడిలో మాకు "దంతము" అని నేర్పారు. అక్కడికి వచ్చిన అన్న "పన్ను సలుపుతోంది బిడ్డా" అన్నాడు. మరొకరు చల్లనీళ్లు తగిలితే జివ్వుమంటోందన్నారు. ఇంకొకరు నమిలితే పోటు వస్తోందన్నారు. మొదటి రోజు అన్నిటికీ ఆమె ఒకే మాట చెప్పింది, నొప్పి అని. అది చాలదని డాక్టరు గారు చెప్పారు. రాత్రంతా సలపడం వేరు, చల్లదనానికి జివ్వుమనడం వేరు, కొరికినప్పుడు పోటు వేరు. డాక్టరుకు ఒక్కొక్కటీ ఒక్కొక్క జాడ చూపిస్తుంది. మర్నాటి నుంచి ఆ అమ్మాయి ఒక నోటుపుస్తకం పెట్టి ఈ మాటలన్నీ రాసుకుంది. రెండేళ్లు, శిబిరం పెట్టినప్పుడల్లా వెళ్లింది.

ఉత్తరం కావలసి వచ్చినప్పుడు ఆమె ఏ అధ్యక్షుణ్ణీ అడగలేదు. ఆ డాక్టరు గారినే అడిగింది. ఏమి రాయాలని ఆయన నన్ను అడిగితే, మీరు చూసింది రాయండి అన్నాను. నోటుపుస్తకం గురించి రాస్తానన్నారు. మొదట్లో రోగి మాట పూర్తికాకముందే తాను అందుకునేదని, తర్వాత ఆగి వినడం నేర్చుకుందని కూడా రాస్తానన్నారు. ఆ చివరి మాట రాయవచ్చా అని ఆయనకు సందేహం. తప్పకుండా రాయండి అన్నాను. ఆగి వినడం నేర్చుకున్న మనిషి ఆ ఉద్యోగానికి కావాలి కదా. అమ్మాయికి సీటు వచ్చింది. ఉత్తరం వల్లే వచ్చిందని నేను చెప్పను, మార్కులు కూడా బాగానే ఉన్నాయి.

తల్లిదండ్రులకు నా మాట ఇది. ఒకే చోటును ఎంచుకుని, అక్కడికే మళ్లీ మళ్లీ పంపండి. పది చోట్ల పది ఫొటోలు దిగితే చూసినవారు ఎవరూ మిగలరు. వెళ్లిన ప్రతి రోజూ తేదీ, గంటలు, చేసిన పని ఒక పుస్తకంలో రాయించండి. ఉత్తరం కోసం గడువుకు కనీసం రెండు నెలల ముందు అడగమనండి. అడిగేటప్పుడు "మీరు నన్ను చూసినంతవరకు గట్టిగా రాయగలరా" అని అడగమనండి. వారు వెనకాడితే మరొకరిని అడగడం మంచిది. పని చూసిన మనిషికి ఇంగ్లీషు రాకపోతే శిబిరం నడిపేవారు ఆయన మాట విని, ఎవరు చెప్పారో చెప్పి మరీ రాయవచ్చు. పిల్లలు మాత్రం తమ ఉత్తరం తామే రాసి సంతకానికి పెట్టకూడదు. కార్మికుల ముఖం, పేరు దరఖాస్తులోకి తేకూడదు. ఆ అన్న పళ్ల నొప్పికి వచ్చాడు, మన పిల్లల వ్యాసం కోసం రాలేదు.

సంఘాలలో సంతకం పెట్టే పెద్దలకు కూడా ఒక మనవి. రాయనంటే కొందరు నొచ్చుకుంటారు. ఒక ఇంటివారు నాతో ఏడాది పాటు మాట్లాడలేదు. అది కష్టమే, ఊరు కాని ఊరిలో మనవాళ్లే కొద్దిమంది. అయినా ఆలోచించండి. రెండేళ్లు నిలబడిన అమ్మాయికీ, ఒక్క సాయంత్రం ఫొటో దిగిన అబ్బాయికీ ఒకే లెటర్‌హెడ్ మీద ఒకే మాట రాస్తే, ఆ అమ్మాయి రెండేళ్లు ఏమైనట్టు? "ఈ అబ్బాయి పని నేను చూడలేదు, చూసినవారి దగ్గరకు పంపుతాను" అని చెప్పండి. చూసినవారు ఎవరూ లేకపోతే, "ఈ శుక్రవారం నుంచి నాతో రమ్మనండి, వచ్చే ఏడాది రాస్తాను" అనండి. నేను అలా చెప్పిన పిల్లలలో ఇద్దరు ఇప్పుడు శుక్రవారాలు శిబిరానికి వస్తున్నారు. వారి ఉత్తరాలు రాయవలసింది నేను కాదు, అక్కడి నర్సమ్మ. ఆమెకు ఆ సంగతి ముందే చెప్పి ఉంచాను.