నెలసరిపై నెపము వలదు

సంపాదకులకు,



శ్రీ సిటీ పారిశ్రామికవాడ కర్మాగారములలో, విశేషించి సెల్‌ఫోనులు కూర్చు లైన్లలో, సత్యవేడు, వరదయ్యపాళెం, తడ, సూళ్లూరుపేట ప్రాంతముల నుండి వచ్చి పనిచేయు యువతులు వేలాదిగా నున్నారు. వారిలో ఎవరైన కళ్లు తిరిగి కూలబడినచో, "ఆ మూడు దినాలు గదా, బీపీ పడిపోయింటాది లే" యని ఇంత గ్లూకోజు నీరు త్రాగించి సరిపెట్టుట నేను పలుమారు విన్నాను, కన్నాను.

ఋతుచక్రముతో రక్తపోటు మారుట నిజమే. అండము విడుదలకు ముందు హెచ్చు ఈస్ట్రోజెన్ రక్తనాళములను సడలించును. పిమ్మట పెరుగు ప్రొజెస్టెరాన్ ఉప్పును మూత్రముతో వెడలగొట్టగా, శరీరము దానిని నిలుపుకొనుటకు వెంటనే పూనుకొనును. ఈ సర్దుబాటు వలన ఆరోగ్యవతియైన స్త్రీకి నెల పొడవునను కలుగు వ్యత్యాసము కొద్ది మిల్లీమీటర్లే. మిద్దె మెట్లెక్కినను అంతకన్న హెచ్చు మారును.

మనిషిని పడద్రోయునవి వేఱు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశ్‌లో 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో 58.8 శాతము మందికి రక్తహీనత యున్నది. నెలనెలా అధికస్రావముతో ఇనుము కోల్పోవు ఇల్లాలు, తెల్లవారుజామున ఏమియు తినక షిఫ్టు బస్సెక్కి, మాటిమాటికి మరుగుదొడ్డికి పోవలసివచ్చునని నీరైనను త్రాగక, గంటల తరబడి నిలుచున్నయెడల, రక్తము కాళ్లలో నిలిచి తలకు చాలక పడిపోవుటలో వింత యేమున్నది? తీవ్రమైన కడుపునొప్పి సైతము క్షణకాలము గుండెవేగమును తగ్గించి మూర్ఛ తెప్పింపవచ్చును.

ఇంతకన్న నాకు భయము గొల్పునది, ముప్పదేండ్ల స్త్రీకి రక్తపోటు 150/100 కనబడినను "నెలసరి అయిపోతే దిగిపోతాది" యని ఊరకుండుట. నెలసరి రక్తపోటును అంతగా పెంచదు. నొప్పికై మందుల షాపులో కొనుక్కొను మెఫెనమిక్ ఆమ్లము, ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు తఱచు వాడినచో ఉప్పును, నీటిని నిలిపి రక్తపోటును హెచ్చింపగలవు. కొన్ని గర్భనిరోధక మాత్రలును అట్టివే. బీపీ చూచువారు మొదట అడుగవలసినది ఈ మాత్రలను గూర్చియే.

నిలిచి పనిచేయువారికి, వీలు చిక్కినప్పుడు కూర్చుండుటకు ఆసనము లుండవలెనని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే విధించియుండెను. యాజమాన్యములను నేను కోరునది అంతకన్న బహుస్వల్పము: కళ్లు తిరిగిన ప్రతి స్త్రీకిని హిమోగ్లోబిన్ పరీక్ష చేయింపుడు, 12 గ్రాములకు తగ్గినచో వైద్యుని కడకు పంపుడు, రక్తపోటు 140/90 మించినచో మరియొక దినమున తిరిగి కొలిచి, తేదీతో వ్రాసి, ఆ చీటీని ఆమె చేతికే ఇయ్యుడు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
సత్యవేడు