కార్తెల వెంబడి కాలిబంతి

క్రిందటి మాసమున ఉలవలకు పురుగు పట్టకుండ నిలువచేయు విధమును వ్రాసితిని. ఈ మాసమున బాలికల ఫుట్‌బాలు జట్టును గూర్చి వ్రాయబూనితినని విని మా పొరుగింటి యవ్వ నవ్వినది. మీరును నవ్వుదురేమో. కాని మా సీమలో ఉలవలకును ఆ యాటకును చుట్టఱికము గలదు. రెండింటికిని యజమాని వానయే.

అనంతపురము జిల్లాలో ఏడాదికి కురియు వాన సగటున సుమారు 550 మిల్లీమీటర్లు. అదియు నొక్క తీరున రాదు. మృగశిరలోనో ఆరుద్రలోనో నేల పదునెక్కినచో వేరుసెనగ విత్తుదురు. స్వాతి విశాఖలలో పెఱుకుదురు. చినుకు మొగము చాటుచేసినచో బెంగుళూరు బండి యెక్కుదురు. పెద్దల కాళ్లు ఈ కార్తెల వెంట నడచును. పిల్లల కాళ్లు బంతి వెంట నడవవలెనన్నను ముందు ఈ కార్తెలను దాటవలసినదే. ఈ సంగతి తెలియుటకు మావారికి ఒక సంవత్సరము పట్టినది. నాకు అంతకంటె నెక్కువ పట్టినది.

ఆటలు మా జిల్లాకు క్రొత్తవి కావు. 1969లో స్పెయిను దేశస్థుడగు విన్సెంటు ఫెర్రరు అనంతపురము చేరి రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు అను సంస్థను నెలకొల్పెను. 2009లో ఆయన కాలధర్మము నొందువఱకును ఈ యూరే ఆయనకు నివాసము. ఆ సంస్థ కట్టించిన క్రీడాగ్రామమున పల్లెపిల్లలు ఫుట్‌బాలు, హాకీ, క్రికెట్టు నేర్చిరి. స్పెయిను టెన్నిసు వీరుడు రాఫెల్ నాదల్ పేర 2010లో ఒక టెన్నిసు బడి వెలసెను. 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ క్రికెట్టు పోటీలు అనంతపురముననే జరిగినవి. నార్పల మండలపు బండ్లపల్లి మీరు వినియే యుందురు. గ్రామీణ ఉపాధి హామీ పథకము 2006 ఫిబ్రవరి 2వ తేదీన అచటనే ఆరంభమైనది. ఆ యూరి పిల్ల బారెడ్డి అనూష 2023 జూలైలో భారత మహిళా క్రికెట్టు జట్టున నిలిచి బంగ్లాదేశముతో ఆడినది. కఱవుపనికి పేరుపడిన యూరు మఱియొక పేరును గూడ తెచ్చుకొన్నది.

అవి పట్టణపు పచ్చికలు. మా గ్రామపు మైదానము ఎఱ్ఱమట్టి. అంచుల వెంబడి పల్లేరుకాయలు. మావారు ఉన్నతపాఠశాలలో తెలుగు చెప్పుదురు. వ్యాయామోపాధ్యాయుడు లేని కాలమున, ఇప్పటికి రెండేండ్ల క్రిందట, బాలికల జట్టును దిద్దు పని వారి తలపై పడినది. బంతి గుండ్రముగా నుండుననుట తప్ప వారికి ఆ యాటను గూర్చి తెలిసినది లేదు.

మొదటి యేడు రోహిణికార్తె యెండలకు జడిసి తెల్లవారుజామున ఐదు గంటలకే ఆట పెట్టిరి. పిల్లలు పదునలుగురు. బంతి యెటు పోయిన అటు పదునలుగురును బెల్లపుముక్క వెంట చీమలవలె పోవుచుండిరి. గంట యాడినను బంతిని రెండుమార్లైన తాకని పిల్లలు సగముమంది. మా వీధికి క్రొత్తగా కాపురమునకు వచ్చిన కోడలొకతె అనంతపురపు మైదానమున ఆడి పెరిగినది. అత్తగారి యనుమతితో ఒక యుదయము వచ్చి చూచి, మైదానమును ఇటుకరాళ్లతో చిన్న ముక్కలు చేసి, కొద్దికొద్దిమందిగా ఆడించినది. ముక్క చిన్నదగుటచే బంతి ప్రతి పిల్ల కాలికిని వచ్చినది. పండ్రెండేండ్ల వారికి పెద్దల బంతి బరువగుననియు, నాలుగవ నంబరు బంతి తెప్పింపవలెననియు ఆమెయే చెప్పినది. అన్నిటికంటె ముఖ్యముగా, ఎగిరి దిగునప్పుడు మోకాళ్లు వంచి దిగుట నేర్పినది. మోకాటి కీలులోని బంధము తెగుట బాలురకంటె బాలికలకు ఎక్కువ. ఆటకు ముందు ఇరువది నిమిషములు వరుసగా చేయదగిన పఱుగులును, ఒంటికాలి నిలుకడలును ఫిఫా వారు కూర్చినవి గలవు. నార్వే దేశమున 13 మొదలు 17 ఏండ్ల బాలికలచే ఇట్టివానిని చేయించి చూడగా తీవ్రమైన గాయములు సగమునకు దగ్గఱగా తగ్గెనని 2008లో ప్రకటించిరి. ఖర్చు లేని పని. మీ పిల్లల బడిలో చేయింతురో లేదో అడిగి చూడుడు.

మృగశిర వచ్చినది, వాన పడినది. మఱునాడు మైదానమున నలుగురే. మూడవనాడు ఇద్దఱు. మావారికి కోపము వచ్చి, నాలుగు దినములు రానివారి పేరు కొట్టివేయబడునని కాగితము వ్రాసి గోడకు అంటించిరి. కొట్టివేసిన పేర్లలో గోలు కాచు పిల్ల పేరు మొదటిది. ఆ పిల్లయే జట్టునకు గోడ.

ఆ మధ్యాహ్నము నేను మజ్జిగకై వారింటికి పోతిని. పిల్ల చంకలో ఏడాది తమ్ముని పెట్టుకొని, ఒంటిచేత సంగటి గెలుకుచున్నది. ఆటకు రావేమని యడిగితిని. "అమ్మ ఇత్తనానికి పోయినాది. తమ్ముణ్ణి ఎవురు ఎత్తుకోల్ల అయివారమ్మా?" అనినది. నావద్ద బదులు లేదు. మజ్జిగ తెచ్చుకొనుటయే మఱచి ఇంటికి వచ్చితిని.

ఆ రాత్రి మావారికి ఈ మాట చెప్పునప్పుడు వారు హైదరాబాదు సయ్యదు అబ్దుల్ రహీము గారిని గూర్చి చదువుచున్నారు. ఆయనయు బడిపంతులే. 1950 మొదలు 1963లో క్యాన్సరుచే మరణించువఱకును భారత ఫుట్‌బాలు జట్టును దిద్దినవారు. 1951లో ఢిల్లీలోను 1962లో జకార్తాలోను ఆసియా క్రీడల స్వర్ణపతకములు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానము ఆయన శిష్యులు తెచ్చినవే. వాటము లేని కాలితో మాత్రమే తన్నవలెనని పందెములు పెట్టి కుఱ్ఱవారికి రెండు కాళ్లును ఒక్కటిగా చేయుచుండెడివారు. మావారికి ఆ పందెము మిక్కిలి నచ్చినది. నాకు నచ్చిన సంగతి వేఱు. అమ్ముగూడనుండి ప్రతిదినము వచ్చుటకు తాహతు లేదన్న తులసీదాసు బలరామునకు రహీము గారు అద్దె సైకిలు కొఱకు తామే డబ్బిచ్చిరట. ఆ బలరాముడే 1962లో జకార్తాలో గెలిచిన జట్టులోని వాడు. "ఆయన సైకిలు బాడుగ ఇచ్చిరి, మీరు పేరు కొట్టివేసితిరి" అంటిని. మావారు దీపమార్పి పరుండిరి. తెల్లవారి చూడగా గోడమీది కాగితము లేదు.

నాటినుండి విత్తు దినములలో ఆట ప్రొద్దుగ్రుంకు వేళకు మాఱినది. తల్లులు పొలమునుండి వచ్చువఱకు చంటిబిడ్డలకు మైదానపు టంచున వేపచెట్టు క్రింద చాప, దానిమీద నేను. ఒకనాడు ఐదుగురు బిడ్డలు చేరిరి; నా కంటె గోలు కాచుట సులభమని ఆనాడు తోచినది.

ఒక సంగతి చెప్పవలెను. పిల్లలు దప్పికతో నాలుక పిడచకట్టినను నీరు త్రాగకుండిరి. కారణము మావారికి అంతుపట్టలేదు, నేనడుగగా చెప్పిరి. మైదానమువద్ద మఱుగు లేదు. బడి మూసిన పిదప మరుగుదొడ్డికి తాళము. ఆ తాళపుచెవి ఆటవేళకు తెఱచియుంచునట్లు అడిగి సంపాదించిన నాటినుండి కుండ ఖాళీ యగుచున్నది. ఆటకు ముందు పలుచని రాగిజావ, తరువాత వేరుసెనగ బెల్లపు ముద్ద. మన రాష్ట్రమున ఈ యీడు పిల్లలలో రక్తహీనత గలవారు పెక్కుమంది. బడిలో ఇచ్చు ఇనుపధాతువు మాత్రను టీతో మ్రింగనీయకుడు; టీ దాని గుణమును హరించును. నిమ్మకాయనీరు మేలు.

స్వాతికార్తెలో డివిజను పోటీలు వచ్చినవి. సరిగా వేరుసెనగ పెఱుకు దినములు. పదునొకండుగురికి మాఱు తొమ్మిదిమందితో వెడలిరి. ఏడుగురికి తగ్గనంతవఱకు ఆడనిత్తురు. ఐదు గోళ్లతో ఓడిరి. "పడినవి ఐదు, పిల్ల పట్టినవి పండ్రెండు" అని మావారు వారము దినములు ఎదురుపడిన వారికెల్ల చెప్పిరి.

ఇక నా తప్పు వ్రాయవలెను. పుష్యమాసమున ఆ పిల్ల పెద్దమనిషి యయ్యెను. చిమ్మిలి పెట్టి పంపిన తల్లి మఱునాడు తానే వచ్చి, "ఇంక ఆటకు పంపల్లనా వద్దా, మీరు సదువుకున్నోళ్లు, మీ మాట సెప్పండి" అని యడిగినది. కొన్నాళ్లు మాన్పించుట మేలంటిని. పదుమూడవయేట గడప లోపలనే కూర్చుండి నాయనగారివద్ద భారత భాగవతములు చదువుకొనిన దానను; నాకు జరిగినదే లోకమర్యాద యని తోచినది. ఆలోచింపను గూడ లేదు. ఆమె తల యూపి పోయినది.

కొన్నాళ్లు నాలుగు నెలలైనవి. గోలులో మఱియొక పిల్లను నిలిపిరి. అది బంతి వచ్చిన కన్నులు మూసికొనును, తరువాత ఏడ్చును. పెద్దపిల్ల యేల మానెనో తెలియక మావారు కలతపడుచుండిరి. నేను నోరు విప్పలేదు. రెండవయేటి రోహిణిలో ఆ తల్లికి నచ్చజెప్పుటకై మావారు ఏమేమి పలుకవలెనో కాగితముపై వ్రాసికొనుచుండగా చూచి, ఇక దాచలేక చెప్పితిని. వారు అన్నము ముగించి, చేయి కడిగికొని, "మాన్పించినవారే పిలువవలెను" అని లేచిపోయిరి.

పోతిని. తల్లి చాటలో బుడ్డలు వలుచుచున్నది. "మీరే గదమ్మా వద్దంటిరి. ఇప్పుడు మీరే పంపమంటే నేను ఏ మాట ఇనల్ల?" అనినది. అప్పుడు చెప్పినది తప్పంటిని. ఆమె నన్ను వింతగా చూచినది. నిజామాబాదు తండాలో పుట్టిన గుగులోతు సౌమ్య 2022లో క్రొయేషియా దేశపు డైనమో జాగ్రెబు జట్టులో చేరిన సంగతి చెప్పితిని, అనూష సంగతి చెప్పితిని. "వాళ్ల మాట వాళ్లది" అనినది. ఇంగ్లండు సంగతి చెప్పుటకు నోరు రాలేదు. అచట 1920 డిసెంబరులో లివర్‌పూలున స్త్రీల ఫుట్‌బాలు చూడ 53,000 మంది వచ్చిరి. మఱుచటి యేడే ఆ యాట స్త్రీలకు తగదని ఫుట్‌బాలు సంఘమువారు తమ మైదానములు మూసివేసిరి. సుమారు ఏబదియేండ్లు తెఱవలేదు. తగదను మాట పలుకుటకు ఒక్క క్షణము, మాన్పుటకు అర్ధశతాబ్ది. నేను అందఱికంటె నయము, నాలుగు నెలలే.

ఆమె భయములు దూరదేశమువి కావు. నిక్కరు, గట్టుమీద నిలిచి చూచు మగపిల్లలు, కాలు విఱిగిన పెండ్లి యెట్లు, ఆ మూడు దినములు ఎట్లు. నిక్కరు క్రింద నిడుపైన బిగుతు పైజామా తొడుగవచ్చును, నిబంధన అడ్డురాదు. గట్టుమీద ఇకనుండి నేను కూర్చుందును. కాలి సంగతికి పైని చెప్పిన వ్యాయామమే. ఆ దినములలో ఒంట్లో బాగున్న పిల్ల ఆడుటవలన కీడు లేదు; నొప్పియున్న నాడు చెట్టునీడన కూర్చుండును, ఎవరును అడుగరు. ఇవన్నియు విని ఆమె మూడు షరతులు పెట్టినది. పైజామా. పెఱుకు దినములలో ఆదివారము పిల్ల పొలమునకు వచ్చుట. పొరుగూరి పోటీలకు నేను వెంట పోవుట.

మూడవ షరతు నాకు శిక్షయే. టెంపో వాహనమున కడుపు త్రిప్పుదానను. అయినను తాడిపత్రి పోతిని, గుత్తి పోతిని. రెండవ స్వాతిలో పదునొకండుగురును వెడలిరి. ఒకటి గెలిచి ఒకటి ఓడిరి. ఆ గెలిచిన యాట నేను సరిగా చూడలేదు. మన గోలువైపు బంతి వచ్చినపుడెల్ల కొంగు కన్నులకు అడ్డము పెట్టుకొంటిని.

ఇది మూడవ యేడు. మృగశిర పొడిగా పోయినది. మైదానమున పదునలుగురును నిండుగా నున్నారు, పొలమున పని లేదు గనుక. ఆ నిండుతనము చూచి మావారు సంతోషింపలేకున్నారు. గోలు కాచు పిల్ల తల్లిదండ్రులు బెంగుళూరికి కట్టెడపు పనికి బయలుదేరుదురని నిన్న తెలిసినది. పిల్లను అవ్వయొద్ద విడుచుదురో, తమ్మునితోబాటు వెంట గొనిపోదురో తేలలేదు. అవ్వకు చూపు తక్కువ. మా పంచలో ఒక మంచమునకు చోటున్నదని రాత్రి మావారితో అంటిని. వారు ఆకాశము వంక చూచి, ఆరుద్ర ఇంకను ఐదు దినములున్నది గదా యనిరి.