ముందు బ్రేకులు... తర్వాతే సోకులు!

జీపు గురించి ఆడవాళ్ళ పేజీలో రాయడమేమిటని మీలో కొందరైనా నవ్వుకుంటారని నాకు తెలుసు. "పచ్చళ్ళ గురించో, పిల్లల చదువుల గురించో రాసుకోక ఇంజన్ల గొడవ నీకెందుకు?" అని మా ఆయనే అన్నారు. కానీ ఒక్కసారి ఆలోచించండి. ఆ జీపులో వెనక బల్ల మీద కూర్చునేది ఎవరు? మనం, మన పిల్లలు, ముసలి అత్తమామలు. దాని మీద తగలేసే డబ్బు ఎవరిది? మన ఇంటిదే. అలాంటప్పుడు పాత బండికి ఏం మార్పులు చేయించాలో, ఏం చేయించకూడదో చెప్పే హక్కు మనకెందుకుండదు?

నేను పుట్టింది బాపట్ల. మెట్టింది రేపల్లె దగ్గర పల్లెటూరు. పిల్లల చదువుల కోసం కాపురం పెట్టింది తెనాలి. ఈ మూడూళ్ళ మధ్య మా కుటుంబాన్ని మోసింది మా మామగారు కొన్న పాత మహీంద్రా జీపు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం కోసం పుట్టిన విల్లీస్ జీపుకు ఇది మన దేశపు సంతానం. 1940ల చివర్లో మహీంద్రా వాళ్ళు ఆ జీపుల్ని బొంబాయిలో బిగించడం మొదలుపెట్టారు. తర్వాత డీజిలు ఇంజన్లు వచ్చాయి. మా బండిలో ఉన్నది ప్యూజో వాళ్ళ డిజైనుతో వచ్చిన 2112 సీసీ డీజిలు ఇంజను. పొలానికి ఎరువు కట్టలు, పెళ్ళికి పందిరి సామాను, కాన్పుకు ఆడపడుచు... అన్నిటికీ అదే.

అలాంటి పాత జీపులకు ఈమధ్య మళ్ళీ మోజు పుట్టుకొచ్చింది. 2010లో థార్ వచ్చాక కుర్రాళ్ళకు జీపంటే పిచ్చి పట్టింది. కొత్తది కొనలేనివాళ్ళు తాతల నాటి బండిని షెడ్డులోంచి బయటికి లాగి సోకులు చేయిస్తున్నారు. మా ఇంట్లోనూ మా ఆయనా, మా అబ్బాయీ కలిసి ఒక లిస్టు రాశారు. పెద్ద పెద్ద టైర్లు, బండి ఎత్తు పెంచడానికి కొత్త కమాన్లు, ముందు ఇనప బంపరు, టాపు మీద వరసగా ఆరు లైట్లు, అదిరిపోయే హారను. లక్షన్నర పైమాటే!

లిస్టంతా చదివి నేను ఒక్కటే అడిగాను, "బ్రేకులేవి?" అని. తండ్రీకొడుకులు మొహమొహాలు చూసుకున్నారు. మెకానిక్కు మాత్రం, "బ్రేకులకేమమ్మా, పెడలు రెండుమూడుసార్లు కొడితే పట్టేస్తాయి" అన్నాడు. "మూడుసార్లు కొట్టేదాకా రోడ్డు మీద గేదె ఆగుతుందా బాబూ?" అన్నాను. అతను నవ్వి, ఆ సాయంత్రమే నాలుగు చక్రాలూ విప్పాడు. రెండు వీల్ సిలిండర్లు కారుతున్నాయి. లైనర్లు అరిగి రివెట్ల దాకా వచ్చేశాయి. రబ్బరు గొట్టాలు పగుళ్ళిచ్చాయి. పైన పటారం లోన లొటారం అంటే ఇదే కదా!

ఇక్కడే మనం అర్థం చేసుకోవలసిన సంగతి ఒకటుంది. పాత జీపులకు నాలుగు చక్రాలకూ ఉండేవి డ్రమ్ము బ్రేకులే. కంపెనీవాడు వాటిని ఆ బండి బరువుకీ, ఆ చిన్న టైరుకీ సరిపోయేలా లెక్క కట్టి పెట్టాడు. టైరు పెద్దదయితే బరువు పెరుగుతుంది, ఆపడానికి కావలసిన బలమూ పెరుగుతుంది. బ్రేకు మాత్రం పాతదే! పైగా టైరు చుట్టుకొలత పెరిగితే మీటరు తక్కువ స్పీడు చూపిస్తుంది. మనం యాభైలో పోతున్నామనుకుంటాం, నిజానికి అంతకంటే ఎక్కువలో పోతుంటాం. స్టీరింగు బరువెక్కుతుంది, బేరింగులు తొందరగా పోతాయి. ఒక్క టైరు మారిస్తే ఇన్ని మారతాయి. కోడలొక్కతే కదా ఇంట్లోకి కొత్తగా వచ్చింది అనుకుంటాం గానీ, ఇంటి పద్ధతులన్నీ సర్దుకోవాల్సిరావడం లేదూ? అలాగన్నమాట.

కారు పుట్టిన తొలినాళ్ళలోనే బ్రేకుల గురించి పట్టించుకున్నది ఒక ఆడది అని చెబితే ఆశ్చర్యపోతారేమో. మోటారు కారును కనిపెట్టిన కార్ల్ బెంజ్ భార్య పేరు బెర్తా బెంజ్. 1888 ఆగస్టులో ఆమె భర్తకు చెప్పకుండా ఇద్దరు కొడుకుల్ని వెంటబెట్టుకుని జర్మనీలో మాన్‌హైమ్ నుంచి ఫోర్‌ట్జ్‌హైమ్‌లోని పుట్టింటికి కారు నడుపుకుంటూ వెళ్ళింది. వంద కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం. దారిలో పెట్రోలు గొట్టం పూడుకుపోతే టోపీకి పెట్టుకునే పిన్నుతో శుభ్రం చేసింది. కొయ్య బ్రేకులు అరిగిపోతే చెప్పులు కుట్టేవాడి దగ్గర ఆగి వాటికి తోలు వేయించింది. ఇవాళ మనం బ్రేకు లైనరు అంటున్నదానికి అదే నాంది. తిరిగొచ్చాక, ఎత్తు ఎక్కడానికి ఇంకో గేరు కావాలని మొగుడికి చెప్పింది కూడా. కారుకు ఆమె చేయించిన మార్పు సోకు కోసం కాదు, క్షేమంగా చేరడం కోసం!

మా లిస్టులో రెండోది ఎత్తు. జీపు ఎంత ఎత్తుంటే అంత దర్జా అంటారు కుర్రాళ్ళు. మన డెల్టా రోడ్లు ఒకసారి తల్చుకోండి. తెనాలి ఊళ్ళోంచే మూడు కాలవలు పోతాయి. రేపల్లె వైపు సగం దారులు కాలవ కట్టల మీదే. ఒకపక్క కాలవ, ఇంకోపక్క పొలం. ఎదురుగా ధాన్యం ట్రాక్టరు వస్తే పక్కకు దిగాల్సిందే. బండి ఎత్తు పెరిగేకొద్దీ దాని బరువు పైకి పోతుంది. కట్ట మీద పక్కకు ఒరిగినప్పుడు పొట్టి జీపు నిలదొక్కుకునే చోట పొడుగు జీపు బోల్తా కొడుతుంది. కింద షాఫ్టు వంపు పెరిగి దాని క్రాసులు అరుగుతాయి. బ్రేకు గొట్టాలు చాలక సాగుతాయి. అందుకని మేము ఎత్తు జోలికి పోలేదు. విరిగిన కమాను పట్టీలు మార్పించి, కంపెనీ పెట్టిన ఎత్తుకే తెప్పించాం.

"ఫోర్ వీల్ ఉంది కదా, ఎక్కడికైనా పోతుంది" అన్నది ఇంకో భ్రమ. మా మూడూళ్ళలో మట్టి మూడు రకాలు. రేపల్లె వైపు నల్లరేగడి వానకు తడిసిందంటే టైరు గాళ్ళన్నీ బంకమట్టితో పూడుకుపోయి నున్నగా అయిపోతాయి. అప్పుడు నాలుగు చక్రాలూ తిరుగుతాయి, బండి మాత్రం కదలదు. బాపట్ల నుంచి సూర్యలంక పోతే ఇసక. అక్కడ టైర్లలో గాలి తగ్గిస్తే చక్రం వెడల్పుగా పరుచుకుని దిగబడకుండా పోతుంది. మళ్ళీ తారు రోడ్డెక్కే ముందు గాలి పట్టించి తీరాలి, లేకపోతే టైరు వేడెక్కి పగులుతుంది. లంక గ్రామాల్లో ఒండ్రు. దానిదో తీరు. ఇంకోటి, పాత జీపును తారు రోడ్డు మీద ఫోర్ వీల్‌లో నడపకూడదు. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు ఎక్కువ దూరం, వెనక చక్రాలు తక్కువ దూరం పోతాయి. మట్టిలో అయితే చక్రం జారి సర్దుకుంటుంది. తారు మీద జారదు కాబట్టి ఆ బలమంతా గేర్ల మీద పడి విరుగుతాయి. వేలకు వేలు పోసి టైర్లు కొనడం కంటే ఈ నాలుగు ముక్కలు తెలుసుకోవడం మేలు. దీనికి పైసా ఖర్చు లేదు!

సముద్రం దగ్గరున్నవాళ్ళకు తుప్పు ఇంకో శత్రువు. సూర్యలంక నుంచో, నిజాంపట్నం నుంచో వచ్చిన ప్రతిసారీ బండి అడుగుభాగం మంచినీళ్ళతో కడిగించాలి. పైన నిగనిగలాడే రంగు వేయించి అడుగున ఛాసిస్ తుప్పుకు వదిలేయడం... ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత!

ఇక లైట్లు, బంపర్లు. సన్న తీగకు ఆరు పెద్ద లైట్లు తగిలిస్తే ఆ తీగ వేడెక్కి ఇన్సులేషన్ కరుగుతుంది, నిప్పంటుకుంటుంది. మేము పాత వైరింగంతా పీకించి, ఫ్యూజులతో కొత్తది వేయించాం. ఉన్న రెండు హెడ్‌లైట్లే పట్టపగల్లా వెలిగాయి. ఇనప బంపర్ల సంగతి సరేసరి. కార్లకు అలాంటి క్రాష్ గార్డులు చట్టవిరుద్ధమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. రోడ్డు మీద నడిచే మనిషికి తగిలితే ప్రాణాంతకం మరి.

చట్టం మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ అని ఒకటుంది. కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండి మౌలిక స్వరూపం మార్చకూడదని దాని సారాంశం. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణ ప్రకారం అలా మార్చిన యజమానికి ఆరు నెలల దాకా జైలు గానీ, ఒక్కో మార్పుకు 5000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. పదిహేనేళ్ళు దాటిన బండికి ఐదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ రెన్యూవల్ ఉండనే ఉంది. ప్రమాదం జరిగాక "ఈ మార్పు మాకు చెప్పలేదే" అని ఇన్సూరెన్సువాళ్ళు పేచీ పెడితే ఆఫీసుల చుట్టూ తిరిగేదెవరు? అందుకే ఆర్సీ, ఇన్సూరెన్సు కాగితాలు బీరువాలో దాచడమే కాదు, ఒకసారి తీసి చదవండి. అందులో ఏముందో మనకూ తెలియాలి.

మరి మేము ఏ మార్పూ చేయించలేదా అంటే, చేయించాం. అది నేను చెప్పినదే. వెనక ఎక్కడానికి ఒక మెట్టు, పట్టుకోవడానికి ఒక పిడి, తలుపుకు గట్టి గొళ్ళెం! చీర కట్టుకుని, చంకలో పిల్లనెత్తుకుని జీపు వెనక నుంచి ఎక్కి చూడండి, ఎంత నరకమో. మా అత్తయ్య మోకాళ్ళ నొప్పులతో ఎన్నేళ్ళు మనవడి భుజం పట్టుకుని ఎక్కారో! ఆ మెట్టుకయిన ఖర్చు ఒక పెద్ద టైరు ఖరీదులో పదో వంతు కూడా కాదు. ఇన్నేళ్ళుగా ఆ జీపు నడిపిన మగవాళ్ళెవరికీ మెట్టు ఆలోచన రాలేదు. వాళ్ళ తప్పని అనను. వాళ్ళు కూర్చునేది ముందు సీట్లో కదా!

ఈ పనులన్నీ అయిన కొన్నాళ్ళకే, 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అంతకు ముందు రోజు ఈదురుగాలిలో మా ఊరి పాకల్లోని ఆడవాళ్ళనూ పిల్లలనూ విడతలు విడతలుగా మేడ ఉన్న ఇళ్ళకు చేర్చింది ఆ జీపే. ఆ మెట్టు మీద కాలుపెట్టి ఎక్కని బాలింత లేదు, ముసలమ్మ లేదు. రోడ్డు మీద నీళ్ళు పారుతున్న చోట దాటాక మా ఆయన పెడలు మెల్లగా నొక్కి, తడిసిన లైనర్లను ఆరబెట్టుకుంటూ నడిపారు. ఎక్కడా బ్రేకు మొరాయించలేదు. ఆ ఆరు లైట్లు లేవని గానీ, ఎత్తు లేదని గానీ ఆ రోజు ఎవరికీ గుర్తు రాలేదు.

అలాగని పాత జీపును కొత్త కారుతో సమానం చేసేశామని మురిసిపోవడం లేదు. 2019 నుంచి కొత్త కార్లకు ఏబీఎస్, డ్రైవరు ఎయిర్‌బ్యాగు తప్పనిసరి చేశారు. మా బండికి అవి లేవు. పక్కకు తిరిగి కూర్చునే బల్ల మీద పిల్లలకు రక్షణ తక్కువ. అందుకే హైవే మీద దూర ప్రయాణాలకు దాన్ని తియ్యం, పిల్లల్ని ముందుకు తిరిగిన సీట్లోనే కూర్చోబెడతాం, తాపీగా నడుపుతాం. బండి హద్దు తెలుసుకోవడం కూడా బాగుచేయించడంలో భాగమే.

సరదా వద్దని నేననడం లేదు. తాతల నాటి బండిని పారేయకుండా నిలబెట్టుకోవాలనే కోరిక మంచిదే. పానా, జాకీ ఉంటే ఏ పల్లెటూరి మెకానిక్కయినా బాగుచేయగల బండి అది. నేననేది ఒక్కటే. ఖర్చు పెట్టే వరస మార్చండి. ముందు ఆపేవి, అంటే బ్రేకులు. తర్వాత తిప్పేవి, స్టీరింగు, టైర్లు. ఆ తర్వాత వైరింగు, ఛాసిస్. ఆపైన ఎక్కేవాళ్ళ సుఖం. ఇంకా డబ్బు మిగిలితే, చట్టం ఒప్పుకుంటే, అప్పుడు సోకులు.

మీ ఇంట్లో కూడా అలాంటి లిస్టు ఒకటి తయారవుతుంటే వంటింట్లోంచి బయటికొచ్చి ఆ కాగితం చేతిలోకి తీసుకోండి. "నీకేం తెలుసు?" అంటారు. తెలియకపోతే అడిగి తెలుసుకోవచ్చు. మెకానిక్కు షెడ్డుకు మీరే ఒకసారి వెళ్ళండి. చక్రం విప్పి చూపించమనండి. వీలైతే డ్రైవింగూ నేర్చుకోండి. ఆ బండిలో వెనక కూర్చునేవాళ్ళ ప్రాణం విలువ వెనక కూర్చునేవాళ్ళకే బాగా తెలుసు. ఏమంటారు?